ఎవరి వంతూ కాని నెల

నేను చేసిన పనికి సరైన పేరు లేదు. దవాఖానలో నన్ను ఆయా అన్నారు. అది పొద్దుటి పని: పడకలు దులపడం, గాయాలకు కట్టే గుడ్డలు ఉడకబెట్టడం, బాలింతలకు నీళ్ళు కాయడం. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మధ్యాహ్నం నుంచి చేసిన పని వేరు. భైంసాలో ఏ ఇంట్లో ముసలివాళ్ళు మంచం పట్టినా అక్కడికి పోయేదాన్ని. స్నానం చేయించడం, పడిపోయిన చేతికి నూనె రాసి కదిలించడం, వాళ్ళు కాలు జారి పడకుండా ఇల్లు సర్దించడం, ఇవన్నీ ఇంట్లోవాళ్ళకు నేర్పి మెల్లగా బయటపడడం. జనం దీన్ని ముసలోల్ల పని అన్నారు. అంగడిలో కొత్తవాళ్ళకు నన్ను చూపించి, "గామె ముసలోల్ల రాజవ్వ" అనేవారు. అప్పటికి నాకు నలభై కూడా నిండలేదు.

ఇప్పుడు ఈ పనికి ఆడపిల్లలు చదువుకుని, తెల్ల చీరలు కట్టుకుని వస్తున్నారు. వాళ్ళలో మా వాడ పిల్ల ఒకతి, "పెద్దమ్మా, నువ్వు చూసినవన్ని జర రాసియ్యి" అని వెంటపడింది. రాత్రి బడిలో నేర్చిన అక్షరాలు నావి. వంకరగా ఉంటే ఆ పిల్లే దిద్దుకుంటుంది. మందుల గురించి రాయను, జీతం గురించీ రాయను. మందులు ఎప్పుడూ మారుతుంటాయి, జీతం ఎప్పుడూ మారదు. నేను రాసేది ఇంట్లోవాళ్ళ గురించి. ముసలివాళ్ళను చూసుకోవడం ఒక ఏడాదిలో వచ్చేసింది. వాళ్ళ పిల్లలను చూసుకోవడం నేర్చుకోవడానికి మిగతా నౌకరీ అంతా పట్టింది.

పువ్వులాగా

నా పై అధికారి కాంపౌండర్ ఖాదర్ సాబ్. డాక్టరు అప్పుడప్పుడు వచ్చేవాడు. రాని రోజుల్లో డాక్టరూ ఖాదర్ సాబే, కాంపౌండరూ ఖాదర్ సాబే, కోపమొచ్చిన రోజు చప్రాసీ కూడా ఖాదర్ సాబే. సీసాల్లో ఎర్ర మందు పోస్తూ ఆయన చెప్పిన మాట ఒకటుంది. "ముసలోల్లకు మందిచ్చుడు అల్కగ, రాజవ్వా. గా మందు ఎవలు తాగిపిస్తరో తెలుసుకునుడే కష్టం."

నన్ను మొదట ఒక పత్తి వ్యాపారి ఇంటికి పంపింది ఆయనే. ఆ వ్యాపారి తల్లి స్నానాల బండ మీద జారి పడింది. దెబ్బ చిన్నది. కాని కొడుకులు భయపడి, ఇకమీదట అవ్వ కాలు నేల మీద మోపనివ్వమని ఒట్టు పెట్టుకున్నారు. బయటికి పోవాలన్నా కుర్చీలో మోశారు, అరుగు మీద కూర్చోవాలన్నా మోశారు. "తల్లిని పువ్వు లెక్క సూసుకుంటుండ్రు" అని వాడంతా మెచ్చుకుంది. నిజమే, వానాకాలం పోయేసరికి ఆమె పువ్వులాగే వాడిపోయింది. కాళ్ళు పుల్లలయ్యాయి.

ఆమెను రోజూ కొంత నడిపించమని, నడిచే దారిలో తాడు కట్టమని పెద్ద కొడుకుతో అన్నాను. ఆయన నొచ్చుకున్నాడు.

"మా అవ్వను నడిపించుడా? జనమేమంటరు?"

దవాఖానకు వచ్చి ఆ మాట చెబితే ఖాదర్ సాబ్ నవ్వాడు. "జనమేమంటరో, గదే బీమారీ. దానికి మన అలమారిల మందు లేదు. నువ్వే ఏదన్న కలుపు."

కలిపాను. ఎదురింటి ముసలమ్మ చెవిలో ఒక మాట వేశాను. మరునాడు కొడుకులు కుర్చీ ఎత్తగానే ఆమె అరుగు మీద నుంచి గట్టిగా అడిగింది: "అరే, బతికున్న మనిషిని నలుగురు మోసుడేందిరా?" ఆ సాయంత్రమే వ్యాపారి తల్లిని నేల మీద దింపారు. గుంజకూ గుంజకూ మధ్య తాడు కట్టారు. కొన్నాళ్ళకు ఆమె ఆ తాడు పట్టుకుని నడిచి, ఎదురింటికి పోయి, ఆ ముసలమ్మతో పోట్లాడి వచ్చింది. కాళ్ళకు అంతకంటే మంచి కసరత్తు నేను చెప్పలేకపోయేదాన్ని.

కళ్ళు ఒక ఇంట్లో, కాళ్ళు ఒక ఇంట్లో

ఇక అసలు సంగతి. ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో పద్మశాలి వాడ నుంచి కబురొచ్చింది. గంగారాం అని చేయి తిరిగిన నేతగాడు. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, నోరు వంకరపోయింది. ఆయన మాట్లాడితే నోట్లో గులకరాళ్ళు పోసుకున్నట్టు ఉండేది. భార్య ముత్తవ్వ. ఆమె కళ్ళకు పొరలు కమ్మి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలిసేది కాదు.

ఆయన చూడగలడు, నడవలేడు. ఆమె నడవగలదు, చూడలేదు. ఒక్క చోట ఉన్న రోజుల్లో ఆమె భుజం మీద చేయి వేసి ఆయన లేచేవాడు. "గడప", "ఎడమకు", "కోడి పిల్ల" అని ఆయన చెబుతుంటే ఆమె అడుగు వేసేది. ఇద్దరూ కలిస్తే ఒక నిక్షేపమైన మనిషి. పైగా ఆ గులకరాళ్ళ మాటలు ఆమె ఒక్కతికే అర్థమయ్యేవి. ఎట్లా తెలుస్తుంది పెద్దవ్వా అని అడిగితే, "మంచిగున్న నాడు సుత గాయన గిట్లనే మాట్లాడెటోడు బిడ్డా, మీకు తెల్వది" అనేది.

వాళ్ళకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు లింగన్న ఇల్లు గల్లీకి ఒక చివర, చిన్నవాడు భూమన్న ఇల్లు మరో చివర. మధ్యలో గంగారాం పాత మగ్గాల కొట్టం. ఆస్తి పాలు పంచుకున్నప్పుడు ఆ కొట్టం ఎవరికని తేలలేదు. నాకంటే నాకని కొట్లాడుకుని తాళం వేసి వదిలేశారు. తల్లిదండ్రుల దగ్గర మాత్రం కొట్లాట తిరగబడింది, నీకంటే నీకని. చివరికి కులపెద్ద నర్సయ్య న్యాయం చెప్పాడు. ఇద్దరినీ ఒక్కడే సాకడం అన్యాయం కాబట్టి ఒక నెల తండ్రి పెద్దవాడి ఇంట్లో, తల్లి చిన్నవాడి ఇంట్లో. అమావాస్య దాటగానే మార్చుకోవాలి. తండ్రి అటు, తల్లి ఇటు.

కన్నవాళ్ళను వంతులకు పెట్టుకోవడం మా దిక్కు కొత్త కాదు. నెల మార్చుకునే రోజు చూడాలి. ఒక చివర నుంచి లింగన్న తండ్రి చంక కింద చేయి వేసి తెచ్చేవాడు. మరో చివర నుంచి చిన్న కోడలు ముత్తవ్వ కర్ర కొస పట్టుకుని నడిపించేది. నడి గల్లీలో ముసలివాళ్ళిద్దరూ ఎదురుపడి ఆగేవారు. ఆయన ఏదో అనేవాడు, ఆమె నవ్వేది, లేకుంటే తిట్టేది. ఇరుకు బాటలో రెండు బండ్లు ఎదురైతే బండివాళ్ళు నిలబడినట్టు లింగన్న, చిన్న కోడలు పక్క చూపులు చూస్తూ నిలబడేవారు.

నన్ను పిలిచింది ఎందుకంటే, గంగారాం లింగన్న ఇంట్లో గడప తట్టుకుని పడ్డాడు. ముత్తవ్వ భూమన్న ఇంట్లో పొయ్యి మీద చేయి పెట్టింది. నేను రెండు ఇండ్లలోనూ తాళ్ళు కట్టించాను. నున్నగా అలికిన నేల మీద ఇసుక చల్లించాను. గడప దగ్గర మట్టి మెత్తించాను. కాని కళ్ళు ఒక ఇంట్లో, కాళ్ళు ఒక ఇంట్లో ఉంటే తాడు ఏం చేస్తుంది? ఇద్దరినీ ఒక్క చోట ఉంచండని లింగన్నతో అన్నాను.

"నేను ఉంచుకోనా అక్కా? ఉంచుకుంటె తమ్ముడు సుఖపడతడు గద!"

భూమన్నను అడిగాను. ఆయన మర్యాదస్తుడు. "అన్న కంటె నేను ఎక్కువ చేస్తె అన్న ఇజ్జత్ పోతది అక్కా. గా పని నేను చెయ్య."

ముత్తవ్వకు తిండి గురించి బాధ లేదు. ఆమె దిగులు వేరు. మామ ఏమన్నా పెద్ద కోడలికి ఒకటే అర్థమయ్యేది, నీళ్ళు. చలేస్తుందంటే నీళ్ళు, వీపు దురద పెడుతుందంటే నీళ్ళు, నీళ్ళు వద్దంటే మళ్ళీ నీళ్ళు. మంచి పిల్లే, ఒక్కసారి కూడా విసుక్కోకుండా తెచ్చేది. ఒకరోజు ముత్తవ్వకు తల దువ్వుతుంటే ఆమె నా చేయి పట్టుకుంది.

"బిడ్డా, నాకు బుక్కెడు బువ్వ ఎవలు పెట్టిన సరే. గాని గాయన పొయ్యేటప్పుడు ఏదన్న మాటంటడు. గప్పుడు నేను గల్లీకి గా కొసకుంట. గాయన మాట ఎవలింటరు? నీళ్లనుకొని నోట్ల పోస్తరు. గంతే గదా?"

జడ వేసి లేచాను.

శ్రావణమా, కాదా?

ఆ ఏడు ఆషాఢం వెళ్ళి శ్రావణం రావాలి. వచ్చింది, కాని అధిక శ్రావణం వచ్చింది. చాంద్రమానంలో కొన్నేండ్లకొకసారి ఒక నెల రెండుసార్లు వస్తుంది కదా, మొదటిది అధికం, రెండోది నిజం. పండుగలు, పెళ్ళిళ్ళు అన్నీ నిజ మాసంలోనే. నేను ఈ సంగతి చెబితే ఖాదర్ సాబ్ ఆశ్చర్యపోయాడు. "మా నెలలు సక్కగ పోతయి, నడుమ ఎవ్వలిని చొరనియ్యవు. మీకు మంచిదే రాజవ్వా, ఒక నెల ముఫత్‌గ వచ్చె!"

ముఫత్ నెల ఎవరికి కావాలి? అమావాస్య వెళ్ళిన మరునాడు అన్నదమ్ములిద్దరూ నర్సయ్య అరుగు ఎక్కారు. గంగారాం మందు తాగే వేళ గురించి వాళ్ళకు చెప్పడానికి పోయి నేనూ అక్కడే నిలబడ్డాను.

భూమన్న మొదలుపెట్టాడు. "శ్రావణంల బాపు నా వంతు. నేను కాదంటలేను. గాని గిది అసలు శ్రావణం గాదు పెద్దమనిషీ, పంచాంగం సూడుండ్రి. అసలుది వచ్చిన నాడు బాపును నేనే ఎత్తుకపోత. అవ్వ మాత్రం ఆషాఢం దాక నా ఇంట్లుండె, ఆషాఢం ఒడిసె. అన్నను తీస్కపొమ్మనుండ్రి."

లింగన్న నవ్వాడు. "మంచిగనే ఉంది తమ్మీ. నీకు అధికమైతె నాకు సుత అధికమే. అవ్వ నా వంతు శ్రావణంల. నాకొక్కనికే అసలు శ్రావణం వచ్చిందా?"

"అయితె బాపు?"

"బాపుకు సుత నా ఇంట్ల ఆషాఢం ఒడిసింది."

నర్సయ్య గడ్డం గోక్కున్నాడు. "అధిక మాసంల శుభకార్యాలు చెయ్యద్దని శాస్త్రం..." అని ఆగాడు.

నీళ్ళ బిందెతో పోతున్న ఒకామె నిలబడి అడిగింది. "కన్నోల్లకు బువ్వ పెట్టుడు శుభకార్యమా మామా?"

నర్సయ్య నిజంగానే ఆలోచించాడు. అవునంటే ఈ నెల చేయకూడదు. కాదంటే కొడుకులు ఎందుకు చేస్తారు? పెద్దమనిషి తీర్పులు ఇట్లాంటి చోటే పుడతాయి. "సూడుండ్రి. గీ నెల ఎవ్వల వంతు గాదు. గా కొట్టం సుత ఎవ్వల పాలు గాదు. గీ నెల ముసలోల్లు కొట్టంల ఉంటరు. పొద్దున బువ్వ ఒక ఇంటికెల్లి, మాపు బువ్వ ఒక ఇంటికెల్లి. నిజ శ్రావణం రాంగనే ఎవ్వల వంతు వాల్లు తీస్కపోతరు."

అన్నదమ్ములు సంతోషంగా తలలు ఊపారు. వాళ్ళు పుట్టి పెరిగాక ఒక్క మాట మీదికి రావడం అదే మొదలని నర్సయ్య తర్వాత గొప్పగా చెప్పుకున్నాడు.

గుంట

కొట్టం తాళం తీసేసరికి బూజు, ఎలుకలు, పాత పడుగు పోగుల వాసన. నడుమ గుంట మగ్గం. గుంట అంటే నేతగాడు అంచు మీద కూర్చుని కాళ్ళు లోపలికి వేసి తొక్కుడు కర్రలు తొక్కే చోటు, మోకాళ్ళ లోతు ఉంటుంది. అన్నదమ్ములు ఆ కొట్టానికి చేసిన ఒకే ఒక మరమ్మతు ఆ గుంట మీద చెక్కలు పరచడం. "బాపు పడతడు" అన్నాడు లింగన్న. ఆ చెక్కల పక్కనే నులక మంచం వేశారు.

గంగారాంను తెచ్చి మంచం మీద కూర్చోబెట్టగానే ఆయన చెక్కల వైపు చూసి ఒక్క అరుపు అరిచాడు. పెద్ద కోడలు నీళ్ళ చెంబు తెచ్చింది.

"నీళ్లు గాదే. గుంట మూసినోన్ని గుంటల పెట్టుమంటుండు" అంది ముత్తవ్వ.

లింగన్న మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. ఆయనను తప్పు పట్టడానికి లేదు. గుంట కనబడితే ఎవరైనా మూస్తారు. కాని గంగారాం పొద్దంతా ఆ మంచం మీద నుంచి లేవాలని చూశాడు, లేవలేకపోయాడు. నులక కిందికి జారుతుంది, మంచం పట్టె చేతికి ఆనదు. సాయంత్రం ముత్తవ్వ విసిగిపోయి, "బిడ్డా, గా చెక్కలు తియ్యి. గాయనను గాయన జాగల కూసోనియ్యి" అంది. భయపడుతూనే తీశాను. ఆయన జరిగి జరిగి గుంట అంచు మీదికి వచ్చాడు, కాళ్ళు లోపలికి వేశాడు, ఒక నిట్టూర్పు విడిచాడు. పుట్టినప్పటి నుంచి ఆ శరీరానికి తెలిసిన కుర్చీ అదొక్కటే. ఎదురుగా మగ్గం గుంజ. బాగున్న ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని, ఎడమ కాలు తన్ని, లేచి నిలబడ్డాడు. తూలాడు. ముత్తవ్వ భుజం అప్పటికే అక్కడుంది.

కొత్తగా వచ్చే పిల్లలకు ఒక్క మాట. ముసలివాళ్ళ ఇంటికి పోగానే ప్రమాదం ఎక్కడుందని వెతకకండి. వాళ్ళు ఎక్కడ కూర్చుంటారో ముందు చూడండి. లేకుంటే ప్రమాదంతో పాటు వాళ్ళ కుర్చీ కూడా తీసేస్తారు.

తిండి సంగతి నర్సయ్య తీర్పు ప్రకారమే నడిచింది, అంటే నడవలేదు. పొద్దున లింగన్న ఇంటివాళ్ళు భూమన్న ఇంటి నుంచి వస్తుందనుకునేవారు. మాపు భూమన్న ఇంటివాళ్ళు లింగన్న ఇంటి నుంచి వచ్చిందనుకునేవారు. ముత్తవ్వ కొన్నాళ్ళు చూసి, మూడు రాళ్ళు పెట్టించుకుని తనే వండడం మొదలుపెట్టింది. నేను వద్దన్నాను, పొయ్యి మీద చేయి పెట్టిన మనిషి కదా. కాని గుంట అంచు మీద నుంచి గంగారాం మంటను చూస్తూ ఉండేవాడు. ఆయన ఒకటి అంటే ఆమె కట్టె వెనక్కి లాగేది. ఇంకొకటి అంటే మూత తీసేది. ఆ నెలలో ఆమె చేయి ఒక్కసారి కూడా కాలలేదు. కూర మాత్రం ఒకటి రెండుసార్లు మాడింది, వాళ్ళిద్దరూ పోట్లాటలో ఉన్నప్పుడు.

అల్లుడి అలక

భైంసా దిక్కు మరాఠీ వాసన ఎక్కువ. అధిక మాసాన్ని మాలో చాలామంది ధోండ నెల అంటారు. ఆ నెలలో బిడ్డనూ అల్లుణ్నీ పిలిచి, పూర్ణం పెట్టిన ధోండలు ఉడికించి తినిపించి, బట్టలు పెట్టాలి. ఏ శుభకార్యమూ లేని నెలలో అల్లుడికి మాత్రం భోగం. గంగారాం బిడ్డ శాంతను అవతల నాందేడ్ దిక్కు ఇచ్చారు. అల్లుడు విఠల్, పత్తి కొని అమ్మేవాడు. నిన్న మొన్నటిదాకా ఒకే జిల్లా, ఇప్పుడు ఆయనది బొంబాయి రాష్ట్రం, మాది ఆంధ్రప్రదేశ్.

కొట్టంలో ఉన్నవాళ్ళు పిలుపు ఏం పంపుతారు? నెల సగమయ్యేదాకా చూసి విఠల్ తనే బండి కట్టుకుని దిగాడు. భార్య వెనకాలే దిగింది. నేను గంగారాం చేతికి నూనె రాస్తున్నాను.

"ఏం మామా! ధోండ నెల సగమాయె. పిలుపు లేదు, కబురు లేదు. రాష్ట్రం వేరయితె అల్లుడు సుత వేరయిండా?" అంటూ లోపలికొచ్చి, మగ్గాన్నీ మూడు రాళ్ళ పొయ్యినీ చూసి ఆగిపోయాడు. "గిదేంది? మీరు గీన్నుండుడేంది?"

"గీ నెల మేము ఎవ్వల వంతుల లేము బిడ్డా" అంది ముత్తవ్వ. శాంత కొంగు నోట్లో కుక్కుకుంది.

కబురు గల్లీ రెండు చివరలకూ పోయింది. అన్నదమ్ములు పరిగెత్తుకొచ్చారు. తల్లిదండ్రులు కొట్టంలో ఉండడం ఇంటి సంగతి. అల్లుడు పస్తు పోవడం ఊరి సంగతి. నెల మొదలైనప్పటి నుంచి మంచినూనె చుక్క రాని ఇండ్ల నుంచి నెయ్యి వచ్చింది, బెల్లం వచ్చింది, శనగపప్పు వచ్చింది. పెద్ద కోడలు రుబ్బింది, చిన్న కోడలు కట్టెలు పెట్టింది. ధోండలు మాత్రం ముత్తవ్వే చుట్టింది. ఆ చేతులకు కళ్ళు అక్కర్లేదు. గంగారాం గుంట అంచు నుంచి ఏదో అన్నాడు.

"పూర్ణం తక్కువైందంటుండు. పెండ్లయిన కాంచి గిదే ముచ్చట!"

అల్లుడు విస్తరి ముందు కూర్చున్నాడు. చేయి పెట్టలేదు. అది ఆనవాయితీ, అలగాలి. లింగన్న బతిమాలే పాత్ర తీసుకున్నాడు. "ఏం గావాలె బావా? సిగ్గువడకు, అడుగు." పంచెల చాపు అడుగుతాడనుకున్నాడు.

విఠల్ తల ఎత్తి దూలాలు చూశాడు, వాసాలు చూశాడు. "గీ కొట్టం" అన్నాడు.

పోయబోయిన నెయ్యి గిన్నెను లింగన్న వెనక్కి లాక్కున్నాడు.

"పత్తి మూటలు పెట్టుకుంట. గిది మీ ఎవ్వల పాలుకు రాలే గద? మీ ఇద్దరి లొల్లి సుత తెగుతది."

"గదెట్ల బావా!" లింగన్న లేచి నిలబడ్డాడు. "కొట్టంల బాపు ఉన్నడు!"

"అవ్వ సుత ఉన్నది!" అన్నాడు భూమన్న.

"గీ నెలే గద ఉండేది? నెల ఒడిసినంకనే తీస్కుంట. నాకేం తొందర లేదు."

"నెలేంది? ఉన్నన్ని దినాలుంటరు!" అన్నాడు లింగన్న.

"నిజ శ్రావణంల?"

"నిజ శ్రావణంల సుత!" అన్నదమ్ములిద్దరూ ఒకేసారి అరిచారు. ఒక్క మాట మీదికి రావడం ఇది రెండోసారి.

గంగారాంకు నవ్వొచ్చింది. వంకర నోటితో, భుజాలు ఊగేలా నవ్వాడు. ఏదో అన్నాడు కూడా. పెద్ద కోడలు చెంబు అందుకోబోయింది. అందరం ముత్తవ్వ వైపు చూశాం. ఆమె చీర చెంగుతో మొహం తుడుచుకుని, "ధోండలు సల్లారుతున్నయంట, తినుమంటుండు" అంది. అంత పొడుగు మాటకు అంత పొట్టి అర్థం ఉంటుందని నేను నమ్మలేదు.

పంచెల చాపుతో పాటు శాంతకు చీర పెడతామన్నాక విఠల్ తిన్నాడు. ముక్కు ఎగరేసుకుంటూనే వెళ్ళాడు. కొన్నాళ్ళకు వాడలో కథ మారింది. అత్తమామలను కాపాడడానికే అల్లుడు ఆ ఉపాయం పన్నాడని, మనిషంటే విఠల్ అని చెప్పుకున్నారు. నేను ఒప్పుకోను. చేయి కడుక్కున్నాక ఆయన గోడ వెంట జానలు వేసి కొలవడం నేను చూశాను. కప్పు ఎక్కడ కురుస్తుందో నన్నే అడిగాడు. ఆ కథ విని, మళ్ళీ వచ్చినప్పుడు శాంత నన్ను పక్కకు పిలిచింది.

"మా ఆయనకు గంత మంచి బుద్ధి ఉందంటవా అక్కా?"

"నీకు తెల్వదా?"

"నాకు తెల్వకేంది. గాని పది మంది అంటె గాయన సుత నమ్ముతడేమోనని నా ఫికర్."

నమ్మాడు కూడా. ఆ తర్వాత పండుగ పండుగకూ అత్తమామలకు ఏదో ఒకటి పట్టుకొచ్చేవాడు, తనే వాళ్ళను నిలబెట్టినట్టు. నేను కాదనలేదు. మీరూ కాదనకండి. ముసలివాళ్ళను వట్టి ప్రేమతో చూసుకున్న ఇండ్లు నేను చూశాను, వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతా ఇండ్లలో ప్రేమకు ఇంకేదో తోడు కావాలి. పక్కింటివాళ్ళ నోరు, తోడికోడలి మీద పంతం, ఒక గోడ, ఒక కొట్టం. తోడు దొరికితే ప్రేమ కూడా నిలబడుతుంది. దొరకకపోతే మంచి మనుషులు కూడా పంచాంగం తిరగేస్తారు. ఇంటికి పోయినప్పుడు జబ్బు మనిషికి ఏం కావాలో చూడండి, ఇంట్లోవాళ్ళకు ఏం కావాలో కూడా చూడండి. రెండూ ఒకే తాడుకు కట్టగలిగితే మీ పని అయినట్టే. నేను కట్టలేదు, అవే ముడిపడుతుంటే చూశాను. అంతే.

మూట

గంగారాం తర్వాత కొన్నేండ్లు బతికి ఆ కొట్టంలోనే పోయాడు. పోయేముందు ఏదో అన్నాడు. ముత్తవ్వ ఆయన నోటికి చెవి ఆనించి విన్నది. ఏమన్నాడని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. కాని నేను ఎక్కువగా తలుచుకునేది ఆ రోజు కాదు, నిజ శ్రావణం మొదటి రోజు.

ధోండలు తిన్న వేడిలో అన్న మాట నెలాఖరు దాకా ఉంటుందా అని నాకు అనుమానం. దవాఖాన నుంచి నేరుగా కొట్టానికి పోయాను. గంగారాం గుంట అంచు మీద ఉన్నాడు. ముత్తవ్వ తలుపు దగ్గర, ఉతికిన చీర కట్టుకుని, ఒళ్ళో బట్టల మూట పెట్టుకుని కూర్చుంది. ముడి మీద చేయి. పొద్దున లేచిన దగ్గర నుంచి అట్లాగే ఉందట. గల్లీలో ఎవరి అడుగుల చప్పుడైనా తల అటు తిప్పేది. అడుగులు దాటిపోయేవి.

"ఏమైంది పెద్దవ్వా, ఎవ్వలు రాలేదా?"

"రాలే."

నేను వచ్చాక లింగన్న రెండుసార్లు కొట్టం ముందు నుంచి పోయాడు. మా వైపు చూడలేదు. భూమన్న ఇంట్లో తలుపు వేసే ఉంది. ఎండ వాలింది. నేను గంగారాం చేయి కదిలించి, స్నానం చేయించి, పొడి పంచె కట్టాను. ఆయన ముత్తవ్వ వీపు వైపు చూస్తూ ఒక మాట అన్నాడు. ఆమె కదలలేదు. మళ్ళీ అన్నాడు, ఈసారి గట్టిగా.

"ఏమంటుండు పెద్దవ్వా?"

"మూట విప్పుమంటుండు."

"మరి విప్పు. ఇగ ఎవ్వలు రారు. ఇద్దరు గీన్నే ఉంటరు."

ఆమె ముడిని తడిమింది. వదులు చేయలేదు, ఇంకొంచెం బిగించింది.

"ఉండు బిడ్డా, జర సూద్దాం. నా కొడుకులు మంచోల్లు. యాదికొస్తె వచ్చిన వస్తరు."